దీపాల పెట్టె మూత

సుభానీ మేస్త్రిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు రాదు. ముందు కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకుంటాడు. తర్వాత అడిగినవాడి చేతికే ఏదో ఒక పని అప్పజెబుతాడు. జవాబు ఆ పనిలో దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. పన్నెండేళ్ళుగా ఆయన దగ్గర జనరేటర్ల పని నేర్చుకుంటున్న యలమందకు ఈ సంగతి బాగా తెలుసు. తెలిసీ ఆ రోజు నోరు ఆపుకోలేకపోయాడు.

"తప్పు ఎవడిదో కళ్ళెదుట కనపడతా ఉంటే, వాణ్ణి పనిలోంచి తియ్యడానికి ఇంకా ఆలోచన దేనికి మేస్త్రీ?"

అడిగింది సముద్రం ఒడ్డున ఒక రొయ్య పిల్లల హేచరీలో, జనరేటర్ల గదిలో, పట్టపగలు పదకొండు గంటలకు. లైను మరమ్మతని పొద్దున్నే కరెంటు తీసేశారు, సాయంత్రం దాకా రాదు. ఒక్క జనరేటరు మీద సగం బ్లోయర్లే తిరుగుతున్నాయి. గాలి అందని తొట్ల దగ్గర ఆడవాళ్ళు మగ్గులతో నీళ్ళు ఎత్తి పోస్తూ పిల్లల ప్రాణం నిలబెడుతున్నారు. రెండో జనరేటరును మొదటిదానికి జత చేస్తే తప్ప బ్లోయర్లన్నీ తిరగవు. హేచరీ మేనేజరు అప్పటికి నాలుగుసార్లు వచ్చి తలుపులోంచి తొంగిచూసి పోయాడు.

నడుస్తున్న జనరేటరుకు ఇంకోదాన్ని జత చెయ్యాలంటే రెండిటి కరెంటూ అడుగులో అడుగు వేసి నడవాలి. ఆ సంగతి చెప్పడానికి, రెండిటినీ కలిపే బ్రేకరు పక్కన ఒక పెట్టెలో మూడు దీపాలుంటాయి. మూడూ ఒక్కసారే వెలిగి ఒక్కసారే ఆరుతుంటే వరస సరిగ్గా ఉన్నట్టు. మూడూ ఆరిన క్షణం చూసి బ్రేకరు వెయ్యాలి. అలా కాక ఒకదాని వెనక ఒకటి వెలుగుతుంటే ఎక్కడో రెండు తీగలు తారుమారైనట్టు. ఆ స్థితిలో బ్రేకరు వేస్తే జనరేటరు దిమ్మె మీదనుంచి లేచిపడుతుంది, పక్కన మనిషి ఉంటే అతని గతి చెప్పక్కర్లేదు. ఆ రోజు దీపాలు ఒకదాని వెనక ఒకటి వెలుగుతున్నాయి.

రెండో జనరేటరు కొత్త వైండింగు చేయించుకుని ముందురోజే వచ్చింది. దాని పెద్ద కేబుళ్ళు బిగించింది ఏసోబు. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. పనిచేస్తున్న ఐసు ఫ్యాక్టరీ మూతపడి ఎనిమిది నెలలు ఖాళీగా తిరిగి, ఈ మధ్యనే మేస్త్రి దగ్గర చేరాడు. దీపాల పెట్టె మాత్రం యలమంద చేతి పని. పాతది తుప్పు పట్టిందని తనే కొత్తది కట్టి, రంగు కూడా వేసి, నున్నగా తయారు చేశాడు. దాన్ని చూసి వారం రోజులుగా మురిసిపోతూనే ఉన్నాడు.

"విప్పేటప్పుడే గుర్తులు కట్టా. ఎరుపు మీద ఎరుపు, పసుపు మీద పసుపు. అట్టానే బిగించా," అన్నాడు ఏసోబు.

"అయితే దీపాలు అబద్ధం చెబుతున్నాయంటావా?" అన్నాడు యలమంద.

ఏసోబు వెళ్ళి రెండో జనరేటరు ఆపాడు. పానా తీసుకుని, తను సరిగ్గా బిగించాననుకున్న కేబుళ్ళనే అటూ ఇటూ మార్చడానికి వంగాడు. మేస్త్రి గదిలోకి వచ్చింది అప్పుడే. యలమంద ఆ ప్రశ్న వేసిందీ అప్పుడే.

మేస్త్రి కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఏసోబూ, మార్చబాక. రెండో జనరేటరు దగ్గర కేబుళ్ళు ఊడదీసి, కొసలకి టేపు చుట్టు. యలమందా, అయ్యాక నువ్వు బ్రేకరు వెయ్యి."

"జనరేటరే లేకుండా బ్రేకరు దేనికి మేస్త్రీ? అవతల పిల్లలు చస్తా ఉంటే!"

"వెయ్యమన్నా."

పావుగంట పట్టింది. ఆ పావుగంటా యలమంద పళ్ళు నూరుకుంటూనే ఉన్నాడు. చివరికి విసురుగా బ్రేకరు వేశాడు. మొదటి జనరేటరు కరెంటే బ్రేకరు దాటి అవతలి కేబుళ్ళలోకి పోయింది. ఇప్పుడు బ్రేకరుకు ఇటున్నదీ అటున్నదీ ఒకే కరెంటు. తేడా అన్నమాటే లేదు కాబట్టి మూడు దీపాలూ ఆరిపోవాలి.

ఒకటి ఆరింది. రెండు వెలుగుతూనే ఉన్నాయి.

యలమంద వాటి వంక చూశాడు. యలమంద బ్రేకరు తీసి, మొదటి జనరేటరు వైపునుంచి దీపాలకు వచ్చే ఫ్యూజులు కూడా ఊడదీసి, దీపాల పెట్టె మరలు విప్పాడు. పని చేసినవాడు మూత లోపల తన పేరు రాయాలని మేస్త్రి పెట్టిన పద్ధతి. మూత లోపల గుండ్రటి అక్షరాలతో అతని పేరే ఉంది. దాని ఎదురుగా రెండు సన్నటి తీగలు ఒకదాని చోట ఒకటి బిగించి ఉన్నాయి.

సిగ్గుతో అతనికి చెవులు వేడెక్కాయి. ఆ వెనకే భయం పట్టుకుంది. ఏసోబు తన మాట విని కేబుళ్ళు మార్చి ఉంటే, ఈ దొంగ దీపాలు మూడూ బుద్ధిగా కలిసి వెలిగి కలిసి ఆరేవి. అవి ఆరాయని తనే ధీమాగా బ్రేకరు వేసేవాడు. ఆ సమయానికి ఏసోబు జనరేటరు పక్కనే నిలబడి ఉండేవాడు.

"తప్పు నాది ఏసోబూ," అన్నాడు.

ఏసోబు తల ఊపి, కేబుళ్ళు మళ్ళీ గుర్తుల ప్రకారం బిగించడానికి వెళ్ళాడు.

యలమంద ఆ రెండు తీగలూ మార్చాడు. రెండో జనరేటరు నడిపారు. దీపాలు మూడూ కలిసి వెలిగాయి, కలిసి ఆరాయి. ఆరిన క్షణం చూసి యలమంద బ్రేకరు వేశాడు. గదిలో చప్పుడు కొంచెం బరువెక్కింది, అంతే. తొట్ల వైపు బ్లోయర్లన్నీ అందుకున్నాయి. ఆడవాళ్ళు మగ్గులు కింద పెట్టి భుజాలు నొక్కుకుంటున్నారు.

యలమంద మూత తీసుకుని మరలు బిగించబోయాడు.

"బిగించబాక," అన్నాడు మేస్త్రి. "తెరిచే ఉండనీ."

"ఉప్పు గాలి మేస్త్రీ. లోపల తుప్పు పడుతుంది."

మేస్త్రి కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నాడు.

"తుప్పయితే కనపడిద్ది గదరా."