ఓబులేసు పెంచిన గుర్రప్పిల్ల

అనగనగనగా, కొండల వెనకాల గుర్రాలు పెంచుకుని బతికే ఊరొకటి ఉండేది కన్నా. ఆ ఊళ్ళో ఏ ఇంటి ముందు చూసినా గుర్రాలే. పెరిగి పెద్దవయ్యాక అవన్నీ రాజుగారి కోటకి వెళ్ళిపోయేవి. అక్కడ రౌతులు వాటిమీద స్వారీ చేసేవాళ్ళు. రౌతంటే గుర్రమెక్కి తిరిగే సిపాయి. ఏదీ, ఆ దుప్పటి సరిగ్గా కప్పుకో, చెప్తాను.

ఆ ఊళ్ళో ఓబులేసని ఒకడుండేవాడు. పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు. ఇంట్లో తనొక్కడు, పెరట్లో ఒక ఆడగుర్రం. ఒక వానాకాలం ఆ గుర్రం ఈనింది. మగపిల్ల. దాన్ని నాకి, నిలబెట్టి, తెల్లారేసరికి తల్లి కన్నుమూసింది. పాపం, పాలిచ్చే యోగం కూడా లేకపోయింది దానికి.

అప్పుడు ఓబులేసు ఏం చేశాడూ? పక్కింటికి వెళ్ళి మేకపాలు అడిగి తెచ్చాడు. గుడ్డని వత్తిలా చేసి, పాలలో ముంచి, పిల్ల నోట్లో పెట్టాడు. అది చప్పరించింది. ఒళ్ళంతా వానమబ్బు రంగు కదా, అందుకని మబ్బు అని పేరు పెట్టాడు. పేరుకే మబ్బు, పిలిచేది మాత్రం 'నాన్నా' అనే. చలి రోజుల్లో తన దుప్పటి దానికి కప్పేసి తను గోనెపట్టా కప్పుకునేవాడు. అంత పిచ్చి ప్రేమ.

అలా అలా మబ్బు పెద్దదైంది. మెడ నిండా జూలొచ్చింది. కళ్ళెం వేసే వయసొచ్చింది. ఇక్కడ ఆ ఊరి పద్ధతొకటి నీకు చెప్పాలి. ఆ ఊళ్ళో ఎవరు పెంచిన పిల్లకి వాళ్ళు కళ్ళెం వేయరు. మా ఇంటి పిల్ల మీ ఇంటికి, మీ ఇంటి పిల్ల మా ఇంటికి. ఇచ్చి వచ్చేయడమే, మళ్ళీ తొంగి చూడకూడదు. పిల్ల రెండు మూడు రోజులు మేత ముట్టదు, సకిలిస్తూనే ఉంటుంది. ఆ తర్వాత ఆకలికి ఆగలేక కొత్త చేతిలో ఉలవలు తింటుంది. అలా ఒకసారి తిన్న గుర్రం రేపు ఏ కోటకి వెళ్ళినా బతుకుతుందని వాళ్ళ నమ్మకం.

ఓబులేసు కూడా మబ్బుని తీసుకెళ్ళి బాలనాగయ్య ఇంట్లో కట్టేసి వచ్చాడు. బాలనాగయ్య ఆ ఊరికి పెద్ద. వచ్చాడే గాని, ఓబులేసుకి ముద్ద దిగలేదు. అక్కడ మబ్బు సకిలిస్తుంటే ఇక్కడ తను చెవులు మూసుకున్నాడు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి తాడు విప్పేశాడు. ఇంకెవరి చెయ్యీ వద్దు, నా పిల్లకి నేనే నేర్పుకుంటానన్నాడు.

బాలనాగయ్య కోప్పడలేదు. "ఇది నీ కాడ ఉండిపోయేది కాదురా ఓబులేసూ. ఈపొద్దు ఏడ్సనీ. ఇప్పుడు ఏడిస్తేనే రేపు బతుకుతాది" అన్నాడు.

వింటేనా? మబ్బుని ఇంటికి తోలుకొచ్చేశాడు.

ముందు వీపుమీద దుప్పటి వేసి నడిపించాడు. ఆ తర్వాత కళ్ళేనికి బెల్లం రాసి నోటికి అలవాటు చేశాడు. ఆ తర్వాత ఇసక మూట, అదీ అలవాటయ్యాక తను ఎక్కాడు. కొరడా అన్నది ముట్టుకోలేదు. అంతా మాటతోనే. 'దా నాన్నా' అంటే వచ్చేది, 'నిలువు నాన్నా' అంటే నిలబడేది. చూసి ఊరంతా ముక్కున వేలేసుకుంది.

ఇంకెవరైనా మేత పెడితే మాత్రం మబ్బు మూతి తిప్పుకునేది. ఓబులేసు అది చూశాడు, చూసి మురిసిపోయాడు. మనుషులం అంతే కన్నా. మనకోసం ఒక ప్రాణి బెంగ పెట్టుకుంటే మనకి లోపల తియ్యగానే ఉంటుంది.

ఆ తర్వాత కోట మనుషులొచ్చారు. మబ్బుని చూడగానే ఇదే కావాలన్నారు. రాజుగారి మాట, కాదంటే కుదురుతుందా? ఇమాంసాబు అనే రౌతు చేతికి పగ్గాలిచ్చి, మబ్బు కళ్ళలోకి చూడలేక ఓబులేసు ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

మొదటిసారి మబ్బు తాడు తెంచుకుని పరిగెత్తుకొచ్చింది. ఓబులేసు దాని మెడ కావిలించుకుని ఏడ్చాడు, కడుపునిండా పెట్టాడు. కోట మనుషులొచ్చి తీసుకెళ్ళారు. రెండోసారి గోడ దూకి వచ్చింది. మోకాళ్ళు చీరుకుపోయాయి. కడిగి పసుపు రాశాడు. మళ్ళీ తీసుకెళ్ళారు. మూడోసారి మబ్బు రాలేదు. ఇమాంసాబు వచ్చాడు.

మబ్బు మేత మానేసిందనీ, నువ్వొచ్చి పెడితే తింటుందేమోననీ చెప్పాడు. ఓబులేసు గబగబా ఉలవలు మూటగట్టుకుని అతని వెనక గుర్రమెక్కాడు. ఇమాంసాబు మంచివాడు కన్నా. బెల్లం పెట్టి చూశాడట. గుర్రపుసాలలో దాని పక్కనే పడుకున్నాడట. చివరికి ఓబులేసులాగే 'దా నాన్నా' అని కూడా పిలిచాడట.

"పిలిస్తే తల ఎత్తిందయ్యా" అన్నాడు దారిలో. "నన్ను చూడలేదు. నా ఎనక నువ్వు ఉండావేమో అని చూసింది."

ఆ మాటకి ఓబులేసుకి ముందున్న దారి కనపడలేదు.

వెళ్ళేసరికి మబ్బు గడ్డిమీద పడుకుని ఉంది. డొక్కలు ఎండిపోయాయి. ఓబులేసు వాసన తగిలి ముక్కుపుటాలు కదిలాయి. అతను తల ఒళ్ళో పెట్టుకుని ఉలవలు నోటికందించాడు. తిందామనే చూసింది పాపం. నమల్లేకపోయింది.

"అన్నీ నేర్పితి కదా నాన్నా నీకు" అన్నాడు ఓబులేసు. "నేను లేకుండా తినేది ఒకటీ నేర్పకపోతినే."

పొద్దు గూకేలోపల మబ్బు వెళ్ళిపోయింది. ఏడవకు కన్నా. ఇంకా కొంచెం ఉంది.

ఆ తర్వాత చాన్నాళ్ళు ఓబులేసు పెరడు ఖాళీగానే ఉంది. అప్పుడు ఊళ్ళో ఎవరిదో గుర్రం ఈని చచ్చిపోతే, బాలనాగయ్య ఆ పిల్లని తెచ్చి ఓబులేసు పెరట్లో కట్టాడు. వద్దంటున్నా వినలేదు. ఈసారి దీనిమీద ప్రేమ పెట్టుకోకూడదనుకున్నాడు ఓబులేసు. అది ఎవరి తరమవుతుంది? దానికీ మేకపాలే, దానికీ తన దుప్పటే.

మళ్ళీ కళ్ళెం వేసే వయసొచ్చింది. ఓబులేసు దాన్ని తనే నడిపించుకెళ్ళి బాలనాగయ్య ఇంట్లో కట్టాడు. వెనక్కి చూడకుండా వచ్చేశాడు. అక్కడ పిల్ల సకిలించింది. ఇక్కడ ఓబులేసు గుమ్మం దాకా వచ్చి, గుమ్మం పట్టుకుని నిలబడి, మళ్ళీ లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. మర్నాడూ అంతే. ఆ పై రోజు పొద్దున సకిలింపు వినపడలేదు. ఓబులేసు గబుక్కున లేచి గుమ్మంలోకి వచ్చాడు.

అప్పుడు బాలనాగయ్య వచ్చి అరుగుమీద కూర్చున్నాడు.

"తినిందిరా" అన్నాడు. "నా చేతిలోనే తినింది."

ఓబులేసు తల వంచుకున్నాడు. అది తనని మరిచిపోతుందని ఏడుపొచ్చింది, బతుకుతుందని దణ్ణం పెట్టుకోవాలనిపించింది. రెండూ చేశాడు. ఆ తర్వాత లేచి, చల్లారిపోయిన పొయ్యి ముట్టించి, తనకింత సంగటి వండుకుని తిన్నాడు.

కథ వెళ్ళింది కంచికి,
గుర్రం వెళ్ళింది కోటకి,
మనం వచ్చాం ఇంటికి,
నిద్ర వచ్చింది కంటికి.