నాలుగోసారి చచ్చిన వంగనారు

వంగనారు మూడోసారి చచ్చిపోయిన రోజు విరూపాక్షప్ప ఆశ్రమం అంతా వినబడేలా అరిచాడు.

"మొక్కలు వాటంతట అవి చావడం లేదు. ఎవరో చంపుతున్నారు!"

ఆయన ముప్పై ఏళ్ళు హెడ్మాస్టరుగా చేసి వచ్చిన మనిషి. బడిలో సుద్దముక్క కనబడకపోతే కింద పడిందేమో అని వెతికే అలవాటు లేదు. పిల్లల్ని వరసగా నిలబెట్టి ఎవరు తీశారో చెప్పమనేవాడు. రిటైరయ్యాక తిప్పయ్య స్వామి దగ్గర శిష్యుడిగా చేరి రెండేళ్ళయింది. కోపం తగ్గించుకోవడానికే వచ్చానని చెప్పేవాడు. ఆ మాట కూడా కోపంగానే చెప్పేవాడు.

చిత్రావతి ఒడ్డున మా ఆశ్రమం అంటే పెద్దగా ఏమీ లేదు. నాలుగు రేకుల గదులు, ఒక వంటిల్లు, దాని వెనక కాస్త నల్లరేగడి నేల. ఉండేది స్వామి, విరూపాక్షప్ప, నేను, వంట చేసే ఓబులమ్మ. ఊళ్ళోంచి ఎవరైనా కూరగాయలు తెచ్చిస్తే ఆ పూట కూర, లేకపోతే పప్పే. ఇది విరూపాక్షప్పకు నచ్చలేదు.

"నేలుండి అడుక్కు తినడమేంటి స్వామీ? మీ గురువుగారి ఆరాధన నాటికి వంకాయ కూర నా మడిలోదే వడ్డిస్తాను" అని జనం ముందు అన్నాడు. స్వామి నవ్వి ఊరుకున్నాడు.

మడి చేయడంలో మాత్రం లోటు చేయలేదు. చుట్టూ జానెడు ఎత్తు గట్టు కట్టాడు. విత్తనాలు కొని తనే పోసుకున్న నారు లోపల బెత్తెడు దూరానికొకటి నాటాడు. పొద్దున రెండు బిందెల నీళ్ళు, మధ్యాహ్నం రెండు, సాయంత్రం రెండు. ఎండకి ఆకు తల వాల్చిందంటే ఇంకో బిందె. మొదటిసారి పది రోజులకే మొక్కలన్నీ వాడి నేలకొరిగాయి. మేమెవరం లేవకముందే పీకి గోడవతల పారేసి, విత్తనాలమ్మినవాడు మోసం చేశాడన్నాడు. రెండోసారి నారు కొనుక్కొచ్చి నాటాడు. అవీ వాడిపోయాయి, అవీ గోడ దాటాయి. ఆ తప్పు మేకల మీద పెట్టాడు. మేక కొరికిన ఆకు ఒక్కటీ లేదు.

మూడోసారి తప్పు పెట్టడానికి ఓబులమ్మ దొరికింది.

ఆమె భర్త పోయాక పన్నెండేళ్ళ కిందట ఆశ్రమానికి వచ్చింది. అప్పట్నుంచి ఆ పొయ్యి ఆమెదే. ఇంకో దిక్కంటే నాలుగు మైళ్ళ అవతల బండమీదపల్లిలో చెల్లెలి ఇల్లు. ఆ చెల్లెలి మొగుడికి ఈమె పొడ గిట్టదు. ఆ సంగతి మాకందరికీ తెలుసు.

ఆ మధ్యాహ్నం ఆమె గంజి వార్చిన తపేలా పట్టుకుని వెనక గుమ్మంలోంచి వస్తుంటే విరూపాక్షప్ప అడ్డంగా నిలబడ్డాడు.

"గంజి ఎక్కడ పోస్తున్నావు?"

"నిమ్మచెట్టు కింద సారూ. ఏమి?"

"నిమ్మచెట్టుకీ నా మడికీ మధ్య నాలుగడుగులు లేవు. కాగే గంజి పోసి నా మొక్కల్ని మూడుసార్లు చంపావు. నిజం చెప్పు!"

ఓబులమ్మ బిత్తరపోయింది. "పన్నెండేండ్లుగా ఆడనే పోస్తాండా. నిమ్మచెట్టు సచ్చిందా? నీ మడి కాడికి నేను పోనే పోలేదు సారూ. నిజానికి ఆ మడికి..."

"నోర్ముయ్! నా తోట బాగుపడితే ఇక్కడ నీ పెత్తనం సాగదని భయం నీకు. తిండి పెట్టే చేత్తోనే ఇంత పాడుపని చేస్తావా?"

ఆమె తల తిప్పి స్వామి వైపు చూసింది. స్వామి అక్కడే అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాడు. ప్రతి మాటా ఆయన చెవిన పడింది. తల ఎత్తలేదు. ఆమె అలా చూస్తూనే ఉంది. ఆయన ఇంకో గింజ తీశాడు.

నేనూ అక్కడే ఉన్నాను. నేనూ నోరు విప్పలేదు. పెద్దాయనే ఊరుకున్నాక నాకెందుకనుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఓబులమ్మ తపేలా కింద పెట్టింది. "ఈ మాట పడినాక ఈ పొయ్యి నేను ముట్టను" అంది. రెండు చీరలు మూట కట్టుకుని ఆ ఎండలోనే వెళ్ళిపోయింది.

"చూశారా స్వామీ? తప్పు చేసినవాళ్ళే అలా పారిపోతారు" అన్నాడు విరూపాక్షప్ప.

స్వామి "మళ్ళ నాటు" అన్నాడు. 

నాలుగోసారి నాటాడు. ఇప్పుడు వంట కూడా ఆయన నెత్తినే పడింది. ఉండలు కట్టిన సంగటి, అడుగంటిన పప్పు. మేం మాట్లాడకుండా తినేవాళ్ళం. ఆయన పొయ్యి మీద చిరాకు గిన్నెల మీద చూపించేవాడు. వెనక తలుపుకి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. ఇక ఎవరొచ్చి ఏం చేస్తారో చూస్తానన్నాడు. నీళ్ళు మాత్రం మూడు పూటలా తప్పలేదు.

పదకొండో రోజు మధ్యాహ్నం నేను వంటింటి కిటికీలోంచి చూశాను. విరూపాక్షప్ప మడి ముందు నిలబడి ఉన్నాడు. మొక్కలన్నీ తల వాల్చేశాయి. గంజి లేదు. మేక లేదు. ఆయన తీసేదాకా తలుపు తాళం వేసినట్టే ఉంది. ఆయన అటూ ఇటూ చూశాడు. తర్వాత వంగి ఒక్కొక్కటే పీకి, గుప్పెళ్ళతో గోడవతలికి విసిరాడు. విసిరే ప్రతిసారీ పళ్ళు కొరుకుతున్నాడు.

భోజనానికి కూర్చున్నాక "ఏదో తెగులు. ఈ నేలే దిక్కుమాలింది" అన్నాడు.

స్వామి ఆలస్యంగా వచ్చాడు. ఆయనకి ఒక కన్ను బాగా మసక. గోడ పట్టుకుని చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళినట్టున్నాడు, పంచెకి ముళ్ళు పట్టాయి. చేతిలో వాడిపోయిన వంగమొక్క ఉంది. దాన్ని తెచ్చి విరూపాక్షప్ప విస్తట్లో, సంగటి పక్కన పెట్టాడు. తన చోటికి వెళ్ళి కూర్చున్నాడు.

"ఏమిటిది స్వామీ?"

"నువ్వు పండించింది."

విరూపాక్షప్ప మొహం జేవురించింది. "నన్ను అవమానిస్తున్నారా? రెండు నెలలుగా నడుం విరిగేలా చాకిరీ చేశాను! ఒక్కరోజు మానలేదు! ఒక్క పూట మానలేదు!"

"మానలేదు. నాలుగుతూర్లు నాటినావు. నాలుగుతూర్లు గోడవతల పారేసినావు. ఒక్కదాని వేరన్నా చూసినావా?"

విరూపాక్షప్ప ఆ మొక్కని పట్టుకుని లేచాడు. విసిరి కొట్టబోతున్నాడనే అనుకున్నాను. చెయ్యి పైకెత్తాడు కూడా. మొక్క మొదలు నుంచి బురదనీళ్ళు ఆయన మణికట్టు మీదుగా కారాయి. ఆయన చెయ్యి దించి చూశాడు.

ఆకులు దాహంతో ఉన్నట్టే వాలిపోయి ఉన్నాయి. వేరు నల్లబడిపోయింది. వేళ్ళతో పట్టుకుంటే పైతోలు జారి చేతికొచ్చింది. మురిక్కాలవ వాసన వేసింది.

"మురిగిపోయింది" అన్నాడు మెల్లగా.

"ఎవరు చంపినారు?" అని అడిగాడు స్వామి.

విరూపాక్షప్ప మళ్ళీ విస్తరి ముందు కూర్చోలేదు. తినకుండానే మొక్కని తువ్వాలు కొంగులో చుట్టుకుని గేటు తీసుకుని బయటికి వెళ్ళాడు. బండమీదపల్లి దారి పట్టాడు.

పొద్దు వాలుతుండగా ఒక్కడే తిరిగొచ్చాడు. చెప్పుల నిండా దుమ్ము. అరుగు కింద నేల మీద కూర్చుని జరిగింది చెప్పాడు. ఓబులమ్మ ఎవరి ఇంటి ముందో కూలికి వేరుశనక్కాయలు వలుస్తోందట. మొక్కని చేతిలోకి తీసుకుని వేరు ఒక్కసారి చూసి, దినానికి ఎన్నితూర్లు నీళ్ళు పోసినావు సారూ అని అడిగిందట. మూడని చెప్పాడట.

"ఏమందో తెలుసా స్వామీ? 'రేగడి నేల నీళ్ళు పట్టుకుంటే ఒదలదు. నాటిన దినం పోసి, మల్ల నాలుగో దినం ఏలు గుచ్చి చూసి పోయల్ల. ఆ దినం అదే చెప్పబోతి. నువ్వు చెప్పనియ్యలేదు' అంది. నేను చేతులు జోడించాను స్వామీ. క్షమించమన్నాను."

"వస్తానన్యాదా?"

"రానంది."

"నీ మీద కోపమా?"

విరూపాక్షప్ప చెప్పుల దుమ్ము దులిపాడు. "నామీద పోయిందంది. నాకు తెలీక అరిచానంది. మీ మీద ఉందంది. 'ఆయప్పకు తెలుసు. తెలిసి తల ఎత్తలేదు. ఆయప్ప ఉండే చోటికి నేను రాను' అంది."

స్వామి ఏదో గొప్పమాట చెబుతాడని నేను ఎదురుచూశాను. ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే చెప్పులు వేసుకుని, చెయ్యి పట్టుకోడానికి నన్ను రమ్మన్నాడు. విరూపాక్షప్ప పిలవకుండానే వెనక నడిచాడు. ఇసకలో ఆ పెద్దాయన రెండుసార్లు తూలాడు. ఎక్కడా కూర్చోలేదు.

బండమీదపల్లిలో స్వామి కనబడితే కాళ్ళకి మొక్కేవాళ్ళే ఎక్కువ. ఆయన ఎవరినీ పట్టించుకోలేదు. ఓబులమ్మ చెల్లెలి ఇంటి గుమ్మం బయట నిలబడ్డాడు. గుమ్మంలో కూర్చున్న ఓబులమ్మ చూసింది. లేవలేదు.

"అమ్మా, తప్పు నాది" అన్నాడు స్వామి. "మూడు పూటలా బిందెల సద్దు వింటానే ఉంటి. నీళ్ళెక్కువై సచ్చినాయని తెలుసు. నువ్వు గంజి పోయలేదనీ తెలుసు. తెలిసి నోరు మూసుకుంటి."

ఓబులమ్మ అప్పుడు లేచింది. ఇన్నాళ్ళూ లోపల దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

"పన్నెండేండ్లు నీకు సంగటి గెలికి పెడితి కద సామీ! 'ఓబులమ్మ అట్లాటిది కాదు' అని ఒక్క మాట. అంత బరువా నీకు ఆ మాట? చింతగింజలు తీస్తా కూసుంటివే! ఈడికొస్తే మా మరిది ఏమన్యాడో తెలుసా? ఏం దొంగతనం చేస్తే తరిమేసినారు అన్యాడు. ఈదిలో అందరూ వింటాండగా అన్యాడు. నేనేం చెప్పల్ల? నువ్వే ఊరుకుంటివని చెప్పల్లనా?"

వీధిలో జనం పోగయ్యారు. స్వామిని పట్టుకుని అంతంత మాటలా అని ఎవరో గొణిగారు. స్వామి చెయ్యెత్తి వాళ్ళని ఆపాడు. ఆమె తిట్టినంతసేపూ తల వంచుకుని విన్నాడు. ఆమె ఆగాక వెనక్కి తిరిగాడు. ఆమె మరిది వేపపుల్లతో పళ్ళు తోముకుంటూ అక్కడే ఉన్నాడు.

"ఈయమ్మ ఏ తప్పూ చేయలేదు" అన్నాడు స్వామి, అందరికీ వినబడేలా. "మాటన్నది నా శిష్యుడు. ఊరుకున్నది నేను. తప్పు మా ఇద్దరిది."

మరిది పుల్ల నోట్లోంచి తీసి పక్కకి చూశాడు. ఓబులమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"కోపం తగ్గినాక వస్తా" అంది. "తగ్గకుంటే రాను. మీరెవురూ పిలిసేకి రావద్దండి."

"సరేమ్మా" అన్నాడు స్వామి.

తిరిగి వస్తుంటే ఏటి ఇసక కాలుతోంది.  ఏటి మధ్యకి వచ్చాక విరూపాక్షప్ప ఉండబట్టలేక అడిగాడు. 

"స్వామీ, మీరు ఊరుకున్నది నా కోసమే కదా? చెబితే విననని, నా అంతట నేనే తెలుసుకోవాలని కదా? మరి అందులో మీ తప్పేముంది?"

స్వామి ఆగిపోయాడు. నా చెయ్యి వదిలించుకుని అటు తిరిగాడు. అన్నేళ్ళలో ఆయన కోపం చూడడం నాకదే మొదలు.

"నీకు బుద్ధి వచ్చేదానికి ఆయమ్మ ఎండలో నాలుగు మైళ్ళు నడవల్లనా?"