దివానుగారి చెక్కనేల

వరదపురం రాజు జగపతిదేవుడికి మోజులన్నీ భోజనమై తాంబూలం వేసుకునే వేళకే పుట్టేవి. ఆ రోజు పుట్టింది నేల మోజు.

పుట్టించినవాడు దివాను ఉద్దండరావు. రేవుపట్నంలో ఓ సీమదొర బంగళాకి రాయబారం వెళ్లి అప్పుడే తిరిగొచ్చాడు. రాయబారం ఏమైందో దేవుడికెరుక, ఆయన నోట నేల తప్ప మరో మాట లేదు.

“ప్రభూ! అది నేల కాదు, అద్దం! ఒక్కో చెక్కపలక మంచమంత వెడల్పు. ఇరుకు పలకలు మామూలు వాళ్లకి, వెడల్పు పలకలు మహారాజులకి. మన దర్బారులో చూస్తే... ఇంకా తాతలనాటి గచ్చే!”

రాజు కిందికి చూశాడు. పొద్దున్నదాకా చల్లగా, హాయిగా ఉన్న గచ్చు ఒక్కసారిగా కంటికి నదురుగా లేకుండా పోయింది.

“తవ్వించెయ్యండి!” అన్నాడు.

సభంతా “ఆహా!” అంది. ఆ సభకి వచ్చిన విద్య అదొక్కటే. ఓ మూలనుంచి మాత్రం కిసుక్కుమని నవ్వు వినిపించింది.

అతను కొండుభట్టు, రాజుగారి విదూషకుడు. నవ్వించడం అతని ఉద్యోగం. నవ్వకూడని చోట నవ్వడం అతని జబ్బు.

“ఏమిటా నవ్వు?”

“ఏం లేదు ప్రభూ. వానలు మొదలైతే మా వీధితలుపు ఉబ్బిపోయి మూసుకోదు. మూస్తే తెరుచుకోదు. నిలబెట్టిన చెక్కే ఇన్ని వేషాలేస్తే, పడుకోబెట్టింది ఊరుకుంటుందా అని. పలక ఎంత వెడల్పయితే అంత ఉబ్బు, అంత వంకర. పైగా దొరలు నేల తుడుచుకుంటారేమోగాని, మనం బిందెలతో కడుగుతాం కదా!”

“కుళ్లు ప్రభూ, ఒట్టి కుళ్లు!” దివాను మండిపడ్డాడు. “పూరింట్లో పుట్టినవాడికి మేడల సంగతేం తెలుసు? ఈ చెక్క ఏ ఇంటికైనా సరిపోతుంది. పూచీ నాది!”

నిండుసభలో తన మోజుకి అడ్డొచ్చేసరికి రాజుకి కోపం నషాళానికంటింది. “సరిపోదని రుజువు చెయ్యి. చెయ్యలేకపోతే పెట్టేబేడా సర్దుకుని నా రాజ్యం దాటిపో!”

కొండుభట్టు నాలిక్కరుచుకున్నాడు. ఇల్లు రాజుగారిచ్చింది, తిండి రాజుగారు పెట్టేది. నోరు మంచిదైతే ఊరు మంచిదని భార్య రోజూ మొత్తుకుంటూనే ఉంది, వింటేగా!

“చిత్తం ప్రభూ. కోడలి గుణం కాపురానికొచ్చాకే కదా తెలిసేది? ముందు ఈ కోడల్ని దివానుగారింట్లోనే దింపండి. వాళ్లమ్మగారు పేరిందేవమ్మగారి చేతికింద శ్రావణమాసం దాకా నెగ్గుకొస్తే, అప్పుడు దర్బారుకి తెచ్చుకోవచ్చు.”

ఖజానా ఖర్చుతో తన ఇంటికి చెక్కనేల! దివాను నోట్లో నీళ్లూరాయి. ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు.

పలకలు దిగాయి, పరిచారు, మెరుగుపెట్టారు. ఊరంతా వచ్చి గుమ్మం బయటినుంచే చూసి వెళ్లింది. కొండుభట్టు భార్య కళ్లొత్తుకుంటూ మూటలు కట్టడం మొదలుపెట్టింది.

ఒకనాడు కొండుభట్టు ఊరికే నడుస్తున్నట్టు దివానుగారి పెరటిసందులోంచి వెళ్లి, కాసేపు ఆగి చూసి, ఇంటికొచ్చాడు.

“ఆ మూటలు విప్పెయ్యవే. కందిపచ్చడి చెయ్యి, ఆకలేస్తోంది.”

“మతిగాని పోయిందా మీకు?” అంది భార్య. అయినా పచ్చడి చేసింది పాపం.

శ్రావణ శుక్రవారం వచ్చింది. జోరున వాన. రాజు సభనంతా వెంటబెట్టుకుని దివాను గుమ్మంలో దిగాడు, మోకాళ్లదాకా బురద. దివాను పొడిగుడ్డ పట్టుకుని ఎదురొచ్చాడు.

“అదేమిటి దివానుగారూ!” కొండుభట్టు బుగ్గలు నొక్కుకున్నాడు. “ఇంటికొచ్చిన ప్రభువుకి కాళ్లకి నీళ్లయినా ఇవ్వరా?”

“తుడిస్తే చాలు... దొరల పద్ధతి...” దివాను నసిగాడు.

రాజు మొహం చిట్లిస్తూనే కాళ్లు తుడిపించుకున్నాడు. లోపలికి అడుగుపెట్టాడో లేదో, ఆ చిరాకంతా ఎగిరిపోయింది. నేల తళతళలాడుతోంది! ఎక్కడా ఉబ్బు లేదు, వంకర లేదు.

“భట్టూ, ఇంకేం చూస్తావు? మూట సర్దుకో!”

దివాను మీసం దువ్వాడు. కొండుభట్టు చేతులు కట్టుకున్నాడు.

“అలాగే ప్రభూ. ఒక్క మాట. కోడలెలాంటిదో అత్తగార్ని అడగాలి కదా? పేరిందేవమ్మగారేరీ?”

“గుడికి వెళ్లింది!” అన్నాడు దివాను తడుముకోకుండా.

సరిగ్గా అప్పుడే పెరట్లోంచి ఖళ్లుఖళ్లున దగ్గు వినిపించింది. రాజు చరచరా అటు నడిచాడు. అక్కడ పశువులపాక. పాకలో రెండు గేదెల మధ్య పొయ్యి, పొయ్యి దగ్గర పేరిందేవమ్మ, గడ్డిమోపు మీద వరలక్ష్మీదేవి కలశం!

“ఇదేమిటమ్మా?” రాజు నిర్ఘాంతపోయాడు.

“ఏం చెప్పమంటావు నాయనా!” ముసలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. “తడికాలితో వస్తే కేకలు, బిందె దించితే కేకలు, ముగ్గేస్తే కేకలు. చెక్క పాడవుతుందని అందర్నీ ఇక్కడికి తోలాడు. లక్ష్మీదేవిని గేదెల మధ్య కూర్చోబెట్టిన పాపం ఎవరికి కొడుతుంది?”

దివాను పొడిగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కొండుభట్టు మాత్రం వంగి దండం పెట్టాడు.

“ప్రభూ, దివానుగారి మాట నిజమే. చెక్క ఇంటికి సరిపోయింది. ఇంట్లోవాళ్లే చెక్కకి సరిపోలేదు. దర్బారులోనూ పరిపించండి. తమరి సింహాసనానికి గుర్రాలశాలలో చోటు నేను చూసిపెడతాను!”

రాజు ఓ క్షణం గుడ్లురిమాడు. ఆ వెంటనే పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే చేతికున్న బంగారు కంకణం తీసి కొండుభట్టు చేతికి తొడిగాడు.

“మా గచ్చు మాకు చాలు! అమ్మా, ఇక నీ ఇల్లు నీ ఇష్టం. ఎలా కావాలంటే అలా కడుక్కో!”

ఆ మాట పూర్తవనిస్తేనా! పేరిందేవమ్మ అప్పటికే నిండుబిందె చంకనెత్తుకుని చెక్కనేల వైపు నడిచింది.

“అమ్మా! వద్దమ్మా!” దివాను వెంటపడ్డాడు. ముసలమ్మ నెలరోజుల కసీ తీరేలా బిందె గుమ్మరించింది. ఆ నీళ్లలో దివాను కాలు జారి కూలబడ్డాడు. ఈసారి సభ “ఆహా” అనలేదు, విరగబడి నవ్వింది.