ముక్క వాసనకు ముద్దాయి

ఎవరి కంపు వారికి ఇంపు అన్నారు పెద్దలు. ఏ పాకలో కూర్చుని అన్నారో తెలీదు గానీ, నేను చెప్పబోయే పాకకు మాత్రం ఆ మాట అచ్చంగా సరిపోతుంది.

సింహాద్రి అనే రైతు మామిడితోట చివర ఓ తాటాకు పాక ఉంది. అందులో నాలుగు కాపురాలు. తూర్పు మూల మైలయ్య అనే ముసలి ఎద్దు. పన్నెండేళ్ళు కాడి మోసి మోసి, ఇప్పుడు పని మానేసి, పాకకు పెద్దమనిషిగా తీర్పులు చెబుతూ బతుకుతున్నాడు. నడుమ నీలవేణి అనే గేదె. ఆవిడకు నమలడం, మాట్లాడటం తప్ప మూడో పని లేదు. పడమటి మూల తట్టలో ఊక పోసుకుని, పదకొండు గుడ్ల మీద కూర్చున్న కోడి సూరమ్మ. ఇక మట్టిగోడ అడుగున కన్నంలో, ఎవరి లెక్కలోకీ రాని నాలుగో కాపురం చుంచమ్మది. చుంచు అంటే ఎలుకలా ఉండి ఎలుక కానిది. మూతి పొడుగు, చూపు తక్కువ, ఒంటి నుంచి ఓ రకం ఘాటు వస్తుంది. ఆవిడకు ఆరుగురు పిల్లలు.

శ్రావణ మాసం వానలు పది రోజులు విడవకుండా పట్టుకున్నాయి. పదకొండో రోజు పాకలో వాసన మొదలైంది. పేడ వాసన అయితే ఎవరూ పట్టించుకోరు, దానికి అక్కడ అందరూ చుట్టాలే. ఇది ముక్క వాసన. తడిసిన గోనెపట్టాను మూల పడేసి మరిచిపోతే వస్తుందే, అలాంటిది.

అందరికంటే ముందు సూరమ్మ గుండె జారింది. పోయినసారి పొదిగిన తొమ్మిది గుడ్లూ ఇలాంటి చెమ్మ గాలికే మురిగిపోయాయి. అప్పుడు ఆవిడ మూడు రోజులు గింజ ముట్టలేదు. ఇప్పుడు పిల్లలు బయటికి రావడానికి ఇంకా ఆరు రోజులుంది.

"ఈసారి కూడా పోతే నేను ఇంక గుడ్డు పెట్టను తాతా," అంది మైలయ్యతో. "ఆ వాసన ఎక్కడిదో కనిపెట్టి బయట పారేయించు."

మైలయ్య సరేనన్నాడు. వెతుకులాట మొదలైంది. సూరమ్మ వెళ్ళి నీలవేణి గడ్డి వాసన చూసింది. నీలవేణి మెడ చాచి సూరమ్మ తట్ట వాసన చూసింది. ఎవరి చోటు వాళ్ళు చూసుకోవాలని మాత్రం ఎవరికీ తోచలేదు. పెద్దాయన మూలకు వెళ్ళి వాసన చూడటం మర్యాద కాదని ఇద్దరూ అటు పోలేదు. తన గాడి దగ్గర ఏ వాసనా లేదని ఆయనే చెప్పాడు. మేత వేసే చోటు, రోజూ ఆయన మూతి పెట్టే చోటు. ఆయన మాట నమ్మక ఎవరి మాట నమ్ముతారు?

చివరికి నీలవేణి కంటికి చుంచమ్మ కన్నం ముందు బూజు పట్టిన గడ్డిపరకలు కనబడ్డాయి. ఓ గుప్పెడు ఉంటాయి. ఎక్కడివని అడిగారు. తానే తెచ్చానంది చుంచమ్మ. ఎక్కడినుంచి తెచ్చావంటే తల దించుకుంది. పుట్టుకతోనే వాసన వేసే జాతి కదా అని నీలవేణి సణిగింది. మెత్తనివాడిని చూస్తే మొత్తబుద్ధి. మైలయ్య మాత్రం తొందరపడలేదు, రేపు చూద్దాం అన్నాడు.

రేపటి దాకా ఆగనివాడు తోటలో ఒకడున్నాడు. వాడు జంబయ్య అనే నక్క. మనిషి ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. సూరమ్మ మీదా, ఆవిడ గుడ్ల మీదా వాడికి ఎప్పటినుంచో కన్ను. కానీ వాడు కంచె దగ్గరకు వచ్చినప్పుడల్లా చుంచమ్మ కిచకిచమని అరిచేది, ఆ అరుపుకు సింహాద్రి కుక్క లేచేది. అలా మూడుసార్లు ఒళ్ళు హూనం చేసుకున్నాడు. ఇప్పుడు రైతూ కుక్కా నాట్లకని పగలంతా పొలంలోనే ఉంటున్నారు. ఇక అడ్డల్లా చుంచమ్మ ఒక్కతే. ఎంత పగలైనా అది ఓ అరుపు అరిస్తే పాకంతా లేచి కూర్చుంటుంది.

జంబయ్య పిలవని పేరంటానికి వచ్చినట్టు గుమ్మం దగ్గరకు వచ్చి, వానలో తడుస్తూ వినయంగా నిలబడ్డాడు. చుంచమ్మ అరిచింది. ముద్దాయి అరుపు ఎవరు వింటారు? నోరు మూసుకోమంది నీలవేణి.

"పెద్దాయనా, మీ ఇబ్బంది గాలివాటున తోట దాకా వచ్చింది," అన్నాడు జంబయ్య. "నాకేమీ అక్కర్లేదు. ముక్కు సాయం చేసి పోతాను."

నక్క ముక్కు మంచి ముక్కే, ఆ మాట ఒప్పుకోవాలి. వాడు పాకంతా తిరిగి మైలయ్య గాడి దగ్గరకు రాగానే టక్కున ఆగాడు. అసలు సంగతి వాడికి అక్కడే తెలిసిపోయింది. తెలిసీ లోపల నవ్వుకుని, ముందుకు నడిచి, చుంచమ్మ కన్నం దగ్గర రెండు కాళ్ళూ ముక్కు మీద పెట్టుకుని తుమ్మాడు. ఇక్కడే అన్నాడు. బూజు గడ్డి ఇంట్లో పోగేసుకుని, దాని మీద పిల్లల్ని పెంచుతోందన్నాడు. ఇది ఉన్నంతకాలం గుడ్లు పగలవని సూరమ్మ వైపు చూసి నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పు చాలు, తల్లికి ఇంకేం కావాలి.

మైలయ్య తీర్పు చెప్పక తప్పలేదు. మర్నాడు పొద్దెక్కేలోగా ఇల్లు ఖాళీ చేయమన్నాడు. చెప్పాక ఆయన మేత సరిగా తినలేదు.

తెల్లవారగానే, మిగతావాళ్ళు లేవకముందే, చుంచమ్మ బయల్దేరింది. ముందు ఆవిడ. ఆవిడ తోక మొదలు పట్టుకుని పెద్దపిల్ల, దాని తోక పట్టుకుని రెండోది, అలా ఆరూ వరసగా. చూపు సరిగా లేని జాతి కదా, తప్పిపోకుండా వాళ్ళు అలాగే నడుస్తారు. ఆ వరస మైలయ్య గిట్ట మీదుగా ఎక్కి దిగింది. చుంచమ్మ ఒక్క క్షణం ఆగింది.

"తాతా, నీ నెత్తిన కప్పులో తాటాకు జారింది. రైతు వచ్చినప్పుడు అటు చూసేలా ఓ అరుపు అరువు," అని చెప్పి వానలోకి వెళ్ళిపోయింది.

సూరమ్మ లేచి గాలి పీల్చింది. వాసన అలాగే ఉంది. ఇంకాస్త పెరిగినట్టు కూడా ఉంది. పోయినవాళ్ళ వాసన మూడు రోజులు ఉంటుందిలే అంది నీలవేణి. మైలయ్య నెమరు వేశాడు. ఎద్దు నెమరు వేస్తోందంటే ఆలోచిస్తోందని అర్థం. ఆ ఆలోచన నెమ్మదిగా వస్తుంది గానీ, వచ్చాక మాత్రం కదలదు.

మధ్యాహ్నానికి జంబయ్య వచ్చాడు. చుంచమ్మ వెళ్ళిందా అని అడిగాడు.

"ఎక్కడ వెళ్ళింది," అన్నాడు మైలయ్య. "పిల్లలతో సహా ఇక్కడే ఎక్కడో దాక్కుంది. నాకా ముక్కు పనిచేయదాయె. నువ్వు వెతికి చూపించు, నేను గెంటుతాను."

పేనుకు పెత్తనం ఇస్తే తలంతా గొరికిందట. జంబయ్య లోక మర్యాదకు రెండు మూలలు వాసన చూసి, నేరుగా సూరమ్మ తట్ట దగ్గరకు వెళ్ళాడు.

"ఇదిగో, దొరికింది. తట్ట అడుగున ఊకలో ఉంది," అన్నాడు. "సూరమ్మా, నువ్వొక్క క్షణం లేచి పక్కకు జరుగు. లాగి అవతల పడేస్తాను."

సూరమ్మ సగం లేచింది.

"కూర్చో అమ్మా," అన్నాడు మైలయ్య. "జంబయ్యా, సరిగా చూశావా?"

"నా ముక్కు అబద్ధమాడితే నా తోక ఇక్కడే వదిలి పోతాను పెద్దాయనా."

"తెల్లారుతూనే చుంచమ్మ నా గిట్ట మీదుగా వెళ్ళిపోయింది. ఆరుగురినీ లెక్కపెట్టుకుంటూ నేనే చూశాను," అన్నాడు మైలయ్య. "లేనిదాన్ని తట్టలో చూపించిన ముక్కు, నిన్న కన్నంలో ఏం చూపించి ఉంటుంది?"

జంబయ్య వెనక్కి తిరిగాడు. అప్పటికే నీలవేణి, నాలుగు రోజులుగా నిలబడ్డ చోటునుంచి కదలని నీలవేణి, ఒక అడుగు ముందుకు వేసింది. ఆ అడుగు సరిగ్గా వాడి తోక మీద పడింది. ఆపైన మైలయ్య వెనక కాలి తన్ను ఒకటి. జంబయ్య గుమ్మం దాటి, గట్టు దాటి, తోట దాటి పోయాడు. అన్న మాట ప్రకారం తోకలో మంచి భాగం గేదె గిట్ట కింద వదిలే పోయాడు.

మైలయ్య పాకలో నిలబడలేకపోయాడు. ఆ ముసలికాళ్ళతో బురదలో నడిచి, తోట అవతలి కొసన కిచకిచలు వినబడ్డ రాళ్ళకుప్ప దగ్గరకు వెళ్ళి మెడ వంచాడు. రాళ్ళ సందులో పిల్లల్ని కప్పుకుని చుంచమ్మ వణుకుతోంది.

"తప్పు చేశాను తల్లీ," అన్నాడు. "అందరి ముక్కులూ అడిగాను, నీ ముక్కు ఒక్కటే అడగలేదు. వచ్చి ఆ వాసన ఎక్కడిదో నువ్వే చెప్పు."

వరస మళ్ళీ పాకకు వచ్చింది. చుంచమ్మ ఎక్కడా వెతకలేదు. నేరుగా మైలయ్య గాడి దగ్గరకు వెళ్ళి ఆగి, చెప్పమంటావా తాతా అని అడిగింది. చెప్పమన్నాడు. ఆవిడ మేత అడుగున దూరి ఓ కొస పట్టుకుని లాగింది.

వచ్చింది ఓ ఎర్ర గుడ్డ. ఏరువాక నాడు ఎద్దు మూపురం మీద కప్పేది. పాక కప్పు కారి కారి, అది నీళ్ళు పీల్చి, మడతల నిండా బూజు పట్టి ఉంది.

అది మైలయ్యది కాదు, కర్రెన్నది. కర్రెన్న ఆయన జోడెద్దు. పన్నెండేళ్ళు ఒకే కాడికి అటూ ఇటూ మెడపెట్టి నడిచారు. కర్రెన్న పోయిన రోజున మైలయ్య ఆ గుడ్డను నోట కరుచుకుని వచ్చి మేత కింద దాచుకున్నాడు. రెండేళ్ళుగా దాని మీద మూతి ఆనించే నిద్రపోతున్నాడు. పాకంతటికీ ముక్క వాసన అయినది, ఆయన ముక్కుకు కర్రెన్న వాసన.

"నీకు ఇది ముందే తెలుసా?" అన్నాడు మైలయ్య.

"మొదటి రోజే తెలుసు. పొద్దున్నే నువ్వు దానితో మాట్లాడుకోవడం గోడ అవతల వినేదాన్ని కదా."

"మరి వెళ్ళగొడుతుంటే కూడా చెప్పలేదేం?"

"చెబితే తీసుకెళ్ళి పారేస్తారు తాతా. నాకు ఇంకో కన్నం దొరుకుతుంది. నీకు కర్రెన్న తాత దొరకడుగా."

ఆ బూజు గడ్డి సంగతి అప్పుడు గానీ ఎవరికీ తట్టలేదు. గుడ్డ కింది మేతకు బూజు ఎక్కుతుంటే, ముసలాయన అది తిని జబ్బు పడతాడని, ఆవిడ రోజుకు కొన్ని పరకలు నోటితో లాగి తన గుమ్మం ముందు పారబోసుకుంది. దానినే అందరూ నేరానికి సాక్ష్యం అన్నారు.

కళ్ళు తుడుచుకోవడానికి ఎద్దులకు చేతులుండవు. మైలయ్య కన్నీళ్ళను అలాగే కారనిచ్చాడు. నీ పుణ్యాన నా ప్రాణం నిలిచింది తల్లీ అన్నాడు. సూరమ్మ తట్టలోంచే తల వంచి దణ్ణం పెట్టింది. నీలవేణి తన పొడిగడ్డిలోంచి ఓ నోటెడు తీసి చుంచమ్మ కన్నం ముందు పెట్టింది, అదీ ఒక క్షమాపణే.

సాయంత్రం సింహాద్రి రాగానే మైలయ్య కప్పు వైపు మూతి ఎత్తి అరిచాడు. రైతు చూసి, జారిన తాటాకు సరిచేసి, తడిసిన మేత ఎత్తి పారబోశాడు. చేతికి ఎర్ర గుడ్డ తగిలింది. దాన్ని అలాగే పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఆయనకూ కర్రెన్న గుర్తొచ్చినట్టుంది, పారేయలేదు. మర్నాడు వాన తెరిపిస్తే ఉతికి కంచె మీద ఆరేశాడు. ముక్క వాసన ఆ ఎండతోనే పోయింది.

అనుకున్నట్టే ఆరో రోజు సూరమ్మ గుడ్లు పదకొండింటిలో పది పగిలాయి. పిల్లలకు నడక రాగానే సూరమ్మ ఆ పదిమందినీ ముందుగా తీసుకువెళ్ళింది గోడ కన్నం దగ్గరకే. "ఈవిడే మీ పెద్దమ్మ" అని చూపించింది.

ఇప్పుడు ఆ ఎర్ర గుడ్డలో ముప్పాతిక గాడి పక్కన మైలయ్య తలకింద ఉంది. పాతిక చించి ఆయనే చుంచమ్మ పిల్లలకు పక్కగా ఇచ్చాడు. అటుగా వచ్చే కొంగలూ పావురాలూ అప్పుడప్పుడు, పాకలో ఏదో ఘాటు వాసన వస్తోందే అంటాయి. మైలయ్య తొణకకుండా, "అది మా ఇంటి వాసన, దాని నీడనే చల్లగా ఉన్నాం" అంటాడు.

నీతి: కంపు కొడుతోందని పక్కవాడి గడప మూయించే ముందు, ఎవరికి వారు తమ గాడి అడుగు ఒకసారి చూసుకోవాలి.