పాలు పొంగని గాలిపొయ్యి

ఇలా దగ్గరికి జరుగు చిట్టీ. దుప్పటి కప్పుకో. నేను చెప్తుంటే నువ్వు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగిందంటే కథ కూడా ఆగిపోతుంది, ముందే చెప్తున్నా.

అనగనగా, రైలు కూత వినపడే ఒక ఊళ్ళో, గవరమ్మ అని ఒక అమ్మమ్మ ఉండేది. ఆవిడ చేతి గారెలంటే ఆ వీధి వీధంతా పడిచచ్చేది. నూనె లేని వంట కూడా ఒక వంటేనా అనేది ఆవిడ. కాస్త మొండిదిలే, నాలాగే.

గవరమ్మకి ఒక కూతురు, సుభాషిణి. స్టేషన్లో టిక్కెట్లిచ్చే ఉద్యోగం. ఆ సుభాషిణికో కూతురు, చేతన. నీ ఈడుదే, నీ అంత వాగుడుకాయే.

అప్పుడేమైందీ? చేతనకి పచ్చకామెర్లు వచ్చాయి. మందులేశారు, తగ్గాయి. జబ్బయితే పోయింది గానీ, పోతూ పోతూ పిల్ల ఆకలిని కూడా మూటగట్టుకుని పోయింది. గంజి పెడితే తల తిప్పేసేది. ఇడ్లీ పెడితే పెదవులు బిగించేది. పెరుగన్నం పెడితే గోడవైపు తిరిగి పడుకునేది.

డాక్టరమ్మ చూసి, "ఇంకో నెల దాకా నూనె చుక్క తగలకూడదు. మంగళవారానికల్లా తిండి తినడం మొదలుపెట్టకపోతే మాత్రం ఆస్పత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించాల్సిందే" అంది. సూదంటే చేతనకి హడలు. అయినా ముద్ద దిగకపోతే ఏం చేస్తుంది పాపం!

గవరమ్మ గుండె చెరువైపోయింది. ఎందరికో వండి పెట్టిన చెయ్యి, సొంత మనవరాలికి ఏమీ పెట్టలేకపోయింది.

"అమ్మమ్మా, నువ్వు తిన్నావా?" అని మంచం మీంచి అడిగేది చేతన.

"నేను తిన్నాలేవే, నువ్వు తిను" అనేది గవరమ్మ.

ఆ తర్వాత శనివారం నాడు సుభాషిణి ఒక పెట్టె మోసుకొచ్చింది. విప్పితే లోపల నల్లగా, బొద్దుగా ఒక యంత్రం. "ఎయిర్ ఫ్రయర్ అమ్మా. నూనె అక్కర్లేదు, వేడిగాలితోనే వేపేస్తుంది" అంది.

"గాలితో వేపుడా! ఇంకా నయం, వెన్నెల్లో అట్టు పోస్తుందనలేదు" అంది గవరమ్మ.

అన్నది గానీ, ఇంట్లోకి కొత్త పొయ్యి వస్తే ముందేం చెయ్యాలి? పాలు పొంగించాలి కదా! గవరమ్మ దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టింది. గిన్నెలో పాలు పోసి లోపల పెట్టేసింది. "అమ్మా, అది అలాంటి పొయ్యి కాదమ్మా" అని సుభాషిణి మొత్తుకుంటున్నా వింటేగా!

గాలిపొయ్యి బుయ్యిమంది. పావుగంటకి టింగుమని ఆగింది. తీసి చూస్తే పాలు పొంగనే లేదు. మీద గోధుమరంగు మీగడ కట్టి, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాయి. గవరమ్మ మొహం మాడిపోయింది. "పాలు పొంగని పొయ్యి మనకి అచ్చిరాదు" అని దాని మీద తువ్వాలు కప్పేసింది. మొదటి పాలు పారబోయకూడదు కదా, అందుకని వాటిని మాత్రం చల్లార్చి ఫ్రిజ్‌లో దాచింది.

ఊఁ కొట్టు మరి!

ఆదివారం పొద్దున చేతన, "అమ్మమ్మా, కరకరలాడేది ఏదైనా ఉంటే తింటానేమో" అంది. తింటానేమో అన్న ఆ ఒక్క మాటకి గవరమ్మకి ప్రాణం లేచొచ్చింది. అచ్చిరావడం లేదు, గిచ్చిరావడం లేదు, తువ్వాలు తీసి అవతల పారేసింది.

అప్పుడు సుభాషిణి డ్యూటీకి వెళ్తూ వెళ్తూ చెప్పింది. "పాలల్లో గుడ్డు కొట్టి, పంచదార, ఏలకుల పొడి వెయ్యి. బ్రెడ్డు పుల్లల్లా కోసి, అందులో ముంచి వేపు. ఫ్రెంచ్ టోస్ట్ అంటారు. చేతన తింటుందేమో చూడు."

గవరమ్మ దాచిన పాలల్లోంచి కొన్ని తీసింది. మెత్తటి కొత్త బ్రెడ్డు కోసి, గారెల పప్పు నానేసినట్టు గంటసేపు నానేసింది. ఇంకేముంది, అంతా ముద్దయి, గాలిపొయ్యి జల్లెడలోంచి కిందికి కారిపోయింది.

సోమవారం పొద్దున మళ్ళీ మొదలెట్టింది. ఈసారి నానెయ్యలేదు గానీ, బాణట్లో పకోడీలు దూసినట్టు అన్నీ ఒక్కసారే కుమ్మరించింది. అవి ఒకదానికొకటి అతుక్కుని పైన మాడాయి, లోపల పచ్చిగా ఉండిపోయాయి. వాసనకి చేతన ఆశగా లేచి కూర్చుంది. ఆ మాడుముద్ద చూసి మళ్ళీ పడుకుంది. గవరమ్మ వంటింటి గడపలో కూర్చుని నిజంగానే ఏడ్చింది చిట్టీ.

తెల్లారితే మంగళవారం. మిగిలినవి అరగ్లాసు పాలు, ఒక్క గుడ్డు, మూడు బ్రెడ్డు ముక్కలు. కంగారులో బ్రెడ్డు పొట్లం మూతి కట్టడం మర్చిపోయిందేమో, ఆ ముక్కలు కాస్తా ఎండి గట్టిపడ్డాయి.

కళ్ళు తుడుచుకుంటూ గవరమ్మ పెరట్లోకి చూసింది. అక్కడ చీర మీద తను పెట్టిన గుమ్మడి వడియాలు ఎండుతున్నాయి. చూసి చూసి నుదురు కొట్టుకుంది. "ఓసి నా మతిమండ! వడియాలు ఒకదానికొకటి తగలనిస్తానా? మధ్యలో గాలాడొద్దూ? ఇదీ గాలిపొయ్యే కదా!"

అప్పుడు ముక్కకి మూడు పుల్లల చొప్పున తొమ్మిది కోసింది. ఇలా ముంచి అలా తీసింది. ఎండిన ముక్కలు కదా, ఈసారి ముద్దవ్వలేదు. వడియాల్లాగే ఎడంగా, ఓపిగ్గా పేర్చింది. సగంలో ఆపి ఒక్కొక్కటీ తిరగేసింది. ఇల్లంతా ఏలకుల వాసన.

టింగుమంది. గవరమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుని లాగి చూసింది. పుల్లలన్నీ బంగారం రంగులో బూరెల్లా ఉబ్బి ఉన్నాయి.

"పొంగాయే! నా పాలు పొంగాయే!" అని ఆ వయసులో గెంతులేసింది గవరమ్మ. గిన్నెలో పొంగమన్నప్పుడు పొంగని పాలు, బ్రెడ్డులోకెళ్ళి పొంగాయి మరి.

చేతన ఒకటి కొరికింది. కరకర. ఇంకోటి తీసుకుంది. కరకర. మూడోది కూడా తినేసింది. నాలుగోది చేతిలోకి తీసుకుని మాత్రం ఆగిపోయింది.

"ఏమే, ఇంక వద్దా?" అంది గవరమ్మ భయంభయంగా.

"ఇది నీకు. నోరు తెరు."

"నేను తిన్నాలేవే."

"అబద్ధం. శనివారం నుంచీ నీ కంచం గూట్లో బోర్లించే ఉంది. నేను మంచం మీంచి చూస్తూనే ఉన్నా. నువ్వు తింటేనే నేను ఇంకోటి తింటా."

గవరమ్మ నోరు తెరిచింది. అమ్మమ్మ ఒకటి, మనవరాలు ఒకటి తింటూ పళ్ళెం ఖాళీ చేసేశారు. మంగళవారం డాక్టరమ్మ సూది బయటికి తియ్యనే లేదు.

కథేమో నడిచెళ్ళె కంచికి,
కంచమేమో దిగివచ్చె పీటకి,
కరకర పుల్లేమో నోటికి,
నువ్వూ నేనూ నిద్దరింటికి.

చిట్టీ... ఊఁ అనవే? హమ్మయ్య, నాకంటే ముందే చేరిపోయావా!