ఐరిష్ బడిలో ఈఫా కేక

ఐర్లండ్ పడమటి తీరాన, ఎప్పుడూ చినుకులు పడే ఒక పొలంలో, పక్షులన్నీ కలిసి తమ పిల్లలకు, ఇంగ్లిషు మింగేస్తున్న తమ సొంత భాష ఐరిష్‌లో బడి పెట్టుకున్నాయి. పాఠాలు, ఆటలు, తగాదాలు అన్నీ ఐరిష్‌లోనే. పాఠాలు చెప్పేది కోల్మన్ మాస్టారనే గాడిద. గేటు లోపల ఇంగ్లిషు ముక్క వినబడకూడదని కట్టడి. ఆ కట్టడి పెట్టిన తల్లిదండ్రుల సంఘం మాత్రం సమావేశాలన్నీ ఇంగ్లిషులోనే జరుపుకునేది. మరి అందరికీ అర్థం కావాలి కదా!

సంఘానికి అధ్యక్షురాలు పెద్దబాతు ఓర్లా. ఆవిడకు ఐరిష్‌లో "శుభోదయం" వచ్చు. సాయంత్రం కూడా అదే వాడేది. కూతురు ఈఫా ఇంట్లో ఐరిష్‌లో గింజలు అడిగితే "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!" అని మురిసిపోయేది గానీ గింజలు పెట్టేది కాదు.

"నువ్వూ నేర్చుకోరాదా వదినా?" అంది పక్కింటి బాతు నూలా.

"నాకు తీరికెక్కడిది? భాషను కాపాడే పనితోనే సరిపోతోంది."

వార్షికోత్సవం రోజున ఒక పెద్దమనిషి దిగాడు. మడమల దాకా కోటు, చెవుల మీదికి టోపీ.

"పట్నం భాషా సంఘం నుంచి వస్తున్నానమ్మా. పిల్లల ఐరిష్ నచ్చితే మీ బడికి కొత్త పైకప్పు వేయిస్తాం."

ఆ కోటులో ఉన్నది నక్క. ఓర్లా మాత్రం అప్పటికే కొత్త పైకప్పు కింద ఉపన్యాసమిస్తూ ఉంది, మనసులో.

"ఆ గాడిద మాస్టారు పక్కనే ఉంటే, పిల్లలకు మాటలు అందించారని అంటారేమో..." అంది నక్క.

"కోల్మన్ మాస్టారూ, మీరు కాస్త కొట్టం వెనక్కి వెళ్లండి," అంది ఓర్లా.

"తల్లిదండ్రులు కూడా గేటు బయటే ఉంటే మంచిది. ఇంగ్లిషు గాలి సోకకుండా."

"అయ్యో, నేనే అందామనుకున్నా!" అని ఓర్లా అందర్నీ బయటికి తోలి, లోపలిదేదీ కనబడని చెక్క గేటుకు తానే గడియ పెట్టింది.

ఈఫా పాట ఎత్తుకోబోతుంటే కోటు కింద నుంచి ఎర్రటి తోక జారింది.

"అమ్మా! నక్క! నన్ను పట్టుకుంది!" అని ఐరిష్‌లో అరిచింది పిల్ల.

"విన్నావా నూలా, ఆ ఉచ్చారణ!" అంటూ ఓర్లా రెక్కలు తట్టింది. బయటున్న వాళ్లంతా తట్టారు.

"అమ్మా, రెక్క కొరుకుతోంది!"

"విషాద గీతమనుకుంటా వదినా," అంటూ నూలా కళ్లు తుడుచుకుంది.

చివరికి ఆ పసిది ఇంగ్లిషులో కేక పెట్టింది. "అమ్మా, నక్కే!"

ఓర్లా ముఖం మాడిపోయింది. "గేటు లోపల ఇంగ్లిషా! పెద్దమనిషి ముందు నా పరువు తీశావు కదే!"

ఆ తర్వాత గానీ కూతురు ఏమందో ఆవిడ తలకెక్కలేదు. గబగబా గడియ మీద పడింది గానీ, తాను బిగించిన గడియ తనకే ఊడి రాలేదు.

మొదటి కేకకే కొట్టం వెనక నుంచి బయల్దేరిన కోల్మన్ మాస్టారు, మోకాళ్ల నొప్పులతోనే కంచె దూకి వచ్చి, వెనక కాళ్లతో ఒక్కటిచ్చారు. నక్క పిల్లను వదిలేసి, నోట్లో మిగిలిన ఈకలతో కుంటుతూ పోయింది.

మర్నాడు ఒకటో తరగతి బల్ల మీద, కోడిపిల్లల మధ్య, ఓర్లా ఇరుక్కుని కూర్చుంది.

"ఏం నేర్పమంటారమ్మా? పాటా, పద్యమా?" అన్నారు మాస్టారు.

"అవన్నీ తర్వాత మాస్టారూ. నక్కను ఏమంటారో ముందది చెప్పండి."

నీతి: పిల్లలకు నేర్పించి మనం నేర్చుకోని భాషలో, వాళ్ల ఏడుపు కూడా మనకు పాటలాగే వినిపిస్తుంది.