ఫెర్న్‌హాలో బ్యాంకు నోటు

విశాఖపట్నంలో నరసింగరావు అని పాత నోట్లు పోగుచేసే పెద్దమనిషి ఉండేవాడు, తన దగ్గరున్నది లోకంలో మరొకరి దగ్గర ఉందంటే ఆయనకు ముద్ద దిగేది కాదు.

ఒకప్పుడు అమెరికాలో చిన్న చిన్న ఊళ్ళ బ్యాంకులు కూడా తమ పేరుతో నోట్లు వేసేవి. బ్యాంకు అధ్యక్షుడు వాటి మీద సంతకం పెట్టేవాడు. ఫెర్న్‌హాలో అనే ఊరి నోటు ఒకటి నరసింగరావు దగ్గర ఉండేది. "ఆ ఊరి నోటు ప్రపంచం మొత్తం మీద ఇదొక్కటే మిగిలింది" అంటూ దాన్ని జేబులో పెట్టుకు తిరిగేవాడు. పెళ్ళి భోజనాల్లో కూడా తీసి చూపించేవాడంటే చూసుకోండి, ఎంత మురిపెమో. మనిషి నిజంగా నిపుణుడే. ఏది అసలు నోటో, ఏది నకిలీదో ఊళ్ళోని పాత నోట్లు పోగుచేసేవాళ్ళ సంఘంలో అందరూ ఆయన్నే అడిగేవారు.

ఒక ఆదివారం సంఘం సమావేశానికి సారమ్మ అనే రిటైరైన నర్సు వచ్చింది. చేతిరుమాలు విప్పి ఒక నోటు బల్ల మీద పెట్టింది. అదీ ఫెర్న్‌హాలో నోటే.

"మా నాన్న ఓడరేవులో కళాసీ బాబూ. ఒక అమెరికా నావికుడు స్నేహం కొద్దీ ఇచ్చాడని చెప్పేవాడు. దొంగనోటు పట్టుకొచ్చావని పేటంతా నవ్వింది. పోయేదాకా ఆ మాటే తలుచుకుని బాధపడ్డాడు. నేను దీన్ని అమ్మను. అసలుదో కాదో చెప్పండి, చాలు" అంది.

నోటు అసలుదేనని నరసింగరావుకు చూడగానే తెలిసిపోయింది. ఔనంటే తన 'ఒక్కటి' కాస్తా రెండవుతుంది.

"నకిలీదమ్మా. ఈ సంతకం బ్యాంకు అధ్యక్షుడిది కాదు" అనేశాడు. సారమ్మ మొహం చిన్నబోయింది.

సంఘం పెద్ద కామేశం గారికి కొత్తవాళ్ళకు నేర్పడమంటే సరదా. "నరసింగరావు గారూ, మీ నోటు కూడా తీయండి. అసలు సంతకం ఎలా ఉంటుందో మనవాళ్ళు చూస్తారు" అన్నారు.

నరసింగరావు ఇరుకున పడ్డాడు. ఇంటి దగ్గర మరిచిపోయానందామంటే, ఇందాకే అందరికీ చూపించాడాయె. తీయక తప్పలేదు.

రెండు నోట్లూ పక్కపక్కన పెట్టారు. రెండిటి మీదా ఒకే సంతకం. అదే వాలు, చివర అదే మెలిక.

"ఆవిడది నకిలీ అయితే మీదీ నకిలీయే. మీది అసలుదైతే ఆవిడదీ అసలుదే. ఏమంటారు?" అన్నారు కామేశం గారు మెల్లగా.

నరసింగరావు తల దించుకున్నాడు. "రెండూ అసలువే. నేను అబద్ధమాడాను" అన్నాడు.

"అయితే మా నాన్న మాట నిజమే" అంది సారమ్మ. కళ్ళు తుడుచుకుని, నోటును మళ్ళీ చేతిరుమాల్లో చుట్టుకుని వెళ్ళిపోయింది.

నరసింగరావు నోటుకు ఏమీ కాలేదు. కానీ ఆ తరవాత సంఘంలో ఎవరికి నోటు మీద అనుమానం వచ్చినా, ఆయన కుర్చీ దాటుకుని కామేశం గారి దగ్గరికే వెళ్ళేవారు.

ఎదుటివారి సొత్తును తక్కువ చేసి మన సొత్తుకు విలువ పెంచుకోవాలని చూస్తే, చివరికి మన మాటకే విలువ లేకుండా పోతుంది.